మంచు పెంకు కింద సముద్రాలు: యూరోపాలో, ఎన్సెలడస్‌లో ప్రాణి తినడానికి ఏముంది?

శుక్రతార
అందరికీ నమస్కారం. గురుగ్రహం చుట్టూ తిరిగే యూరోపా గురించో, శనిగ్రహం చుట్టూ తిరిగే ఎన్సెలడస్ గురించో ఏ వార్త వచ్చినా "నీళ్ళున్నాయి, కాబట్టి జీవం ఉండొచ్చు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారు. నీళ్ళ సంగతి ఒప్పుకుంటాను. యూరోపా మన చంద్రుడికన్నా కాస్త చిన్నది. అయినా దాని మంచు కింద ఉన్న నీళ్ళు భూమ్మీది సముద్రాలన్నిటికీ రెట్టింపు ఉంటాయని అంచనా. కానీ ఉత్త నీళ్ళతో ఎవరూ బతకరు కదా. పైన పదిహేను, ఇరవై కిలోమీటర్ల మంచు కప్పేసి ఉంటే లోపలికి ఎండ పొడ కూడా దూరదు. ఆ చీకట్లో ప్రాణి అన్నది ఉంటే ఏం తిని బతుకుతుంది? నాకు కావలసింది ఆ తిండి లెక్క. తెలిసినవాళ్ళు ఓపిగ్గా రాయండి, ఎంత పొడుగైనా చదువుతాను.

లెక్కలమాస్టారు
తిండి దగ్గరికి వెళ్ళేముందు, అసలు అక్కడ నీళ్ళు గడ్డకట్టకుండా ఎందుకున్నాయో చెప్పుకోవాలమ్మా. ఆ రెండిటికీ మూలం ఒకటే.

యూరోపా గురుగ్రహాన్ని మూడున్నర రోజులకు ఒకసారి చుట్టి వస్తుంది. అయో, గనిమీడ్ కూడా గురుగ్రహపు చంద్రులే. అయో రెండు చుట్లు తిరిగేసరికి యూరోపా ఒక చుట్టు, యూరోపా రెండు తిరిగేసరికి గనిమీడ్ ఒకటి. ఈ లయ తప్పదు. పక్కవాళ్ళు పదే పదే అదే చోట లాగుతుంటే యూరోపా కక్ష్య నున్నటి వృత్తం కాలేకపోతోంది. గురుగ్రహానికి ఒకసారి కాస్త దగ్గరగా, ఒకసారి కాస్త దూరంగా పోతుంటుంది. ఆ తేడాకి ఒళ్ళంతా సాగి, మళ్ళీ సర్దుకుంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే వంచిన చోట చెయ్యి కాలేంత వేడెక్కుతుంది చూడండి, అదే ఇక్కడ మూడున్నర రోజులకోసారి, కోట్ల ఏళ్ళుగా జరుగుతోంది.

ఇక సముద్రం ఉందని ఎలా తెలిసిందంటే, అది నాకు ఎంతో ఇష్టమైన కథ. గురుగ్రహపు అయస్కాంత అక్షం దాని భ్రమణ అక్షానికి పది డిగ్రీలు వాలి ఉంటుంది. అందువల్ల యూరోపా దగ్గర ఆ క్షేత్రం దిశ దాదాపు ఐదున్నర గంటలకోసారి తిరగబడుతుంది. లోపల విద్యుత్తును మోసే పొర ఏదైనా ఉంటే, అందులో ప్రవాహం పుట్టి, ఎదురు దిశలో సొంత క్షేత్రం ఏర్పడుతుంది. గెలీలియో నౌక మీది అయస్కాంత పరికరానికి నాయకత్వం వహించిన మార్గరెట్ కివెల్సన్ బృందం ముందు ఈ జాడే పట్టింది. అయితే అది యూరోపాకి పుట్టుకతో వచ్చిన అయస్కాంతత్వం కూడా కావచ్చు. అలాంటిదైతే దిశ మారదు. 2000 జనవరిలో, బయటి క్షేత్రం తిరగబడి ఉన్న సమయంలో నౌక దగ్గరగా వెళ్ళి చూసింది. లోపలి క్షేత్రం కూడా తిరగబడి ఉంది! మంచు ఆ పని చెయ్యలేదు. ఉప్పునీరు చేస్తుంది.

ఇంటర్_బైపీసీ
మాస్టారూ, చాలా బాగా చెప్పారు. నాదో చిన్న డౌటు. మా పాఠాల్లో ఆహార గొలుసు ఎప్పుడూ సూర్యుడి దగ్గరే మొదలవుతుంది. సూర్యుడు లేకపోతే గొలుసే లేదు కదా?

మీథేన్_సీసా
తమ్ముడూ, నేను సూక్ష్మజీవుల మీదే పనిచేస్తాను కాబట్టి ఇది నాకు వదిలెయ్.

1977లో గలాపగోస్ దగ్గర, సముద్రంలో రెండున్నర కిలోమీటర్ల లోతున వేడినీటి బుగ్గలు దొరికాయి. చుట్టూ ఎర్రటి కొనలున్న గొట్టపు పురుగులు, పీతలు, ఆల్చిప్పలు. ఎండ లేని చోట ఇంత జీవమా అని ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. మంచు చంద్రుల గురించి రాసే ప్రతివాళ్ళూ ఆ పురుగుల బొమ్మే వేస్తారు. నాకు మాత్రం అది సరైన ఉదాహరణ అనిపించదు. ఆ పురుగుల ఒంట్లో ఉండే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడును ఆక్సిజన్‌తో కలిపి శక్తి తీసుకుంటుంది. ఆ ఆక్సిజన్ ఎక్కడిది? పైన ఎండలో నాచు, మొక్కలు వదిలినదే నీళ్ళలో కరిగి కిందికి దిగింది. అంటే ఆ పురుగు కూడా దొడ్డిదారిన సూర్యుడి తిండే తింటోంది.

మంచు చంద్రులకి సరిపోయే ఉదాహరణ మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు. వీటికి ఆక్సిజన్ అక్కర్లేదు, తగిలితే చచ్చిపోతాయి కూడా. నాలుగు హైడ్రోజన్ అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు తీసుకుని, ఒక మీథేన్ అణువు, రెండు నీటి అణువులు చేస్తాయి. అంతే వాటి వంట. ల్యాబులో వీటిని రబ్బరు బిరడా బిగించిన గాజు సీసాల్లో పెంచుతాం. పైభాగంలో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిపి ఒత్తిడితో నింపి వదిలేస్తాం. పెరుగుతున్నాయో లేదో సీసా రంగు చూసి చెప్పక్కర్లేదు. బిరడాలోకి సూది గుచ్చితే సిరంజి పిడి దానంతటదే లోపలికి జారిపోతుంది. ఐదు వంతుల వాయువు ఒక వంతుకి తగ్గిపోయింది కాబట్టి సీసా లోపల ఖాళీ ఏర్పడుతుంది. ఆ పిడి కదిలినప్పుడల్లా నాకు ఎన్సెలడసే గుర్తొస్తుంది.

ఇంకో ఉదాహరణ దక్షిణాఫ్రికాలోని ఎంపోనెంగ్ బంగారు గనిలో ఉంది. 2.8 కిలోమీటర్ల లోతున రాతి పగుళ్ళలోని నీళ్ళలో దాదాపు ఒకే ఒక్క జాతి బ్యాక్టీరియా ఒంటరిగా బతుకుతోంది. యురేనియం రేడియేషన్‌కి నీరు విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది, అదే దానికి ఆధారం. నీ ఆహార గొలుసు అక్కడ రాతి దగ్గర మొదలైంది.

తూర్పుతీరం
రాయి మాట వచ్చింది కాబట్టి భూగర్భశాస్త్రం చదివినవాడిగా నేనూ ఓ చెయ్యి వేస్తాను.

ఇనుము, మెగ్నీషియం ఉన్న ఆలివిన్ రాయికి వేడినీళ్ళు తగిలితే రాయి సర్పెంటైన్‌గా మారిపోతుంది. ఆ మార్పులో హైడ్రోజన్ వాయువు బయటికొస్తుంది. అగ్నిపర్వతం అక్కర్లేదు. అట్లాంటిక్ అడుగున 2000లో కనిపెట్టిన 'లాస్ట్ సిటీ' బుగ్గలు ఇలాంటివే. తెల్లటి సున్నపు స్తంభాలు, వాటిలోంచి 40 నుంచి 90 డిగ్రీల క్షారపు నీళ్ళు, ఆ నీళ్ళనిండా హైడ్రోజన్, దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు. వేడినీటి బుగ్గలు మన హిందూ మహాసముద్రంలోనూ ఉన్నాయి. 2024లో మన దేశపు శాస్త్రవేత్తలు నాలుగున్నర కిలోమీటర్ల లోతున అలాంటి ఒకదాన్ని ఫోటో తీశారు.

ఎన్సెలడస్‌లో ఇది జరుగుతోందనడానికి ఆధారం ఊహ కాదు. కసీని నౌక 2005లో దాని దక్షిణ ధ్రువం దగ్గర నాలుగు పొడవాటి పగుళ్ళలోంచి నీటి ఆవిరి, మంచు రేణువులు ఎగజిమ్ముతుండటం చూసింది. సెకనుకి సుమారు 300 కిలోలు! శనిగ్రహపు ఇ-వలయం మొత్తం ఈ రేణువులతోనే నిండుతోంది. ఆ రేణువుల్లో సిలికా పొడి దొరికిందని 2015లో చెప్పారు. అంత సన్నటి సిలికా ఏర్పడాలంటే అడుగున నీళ్ళు కనీసం 90 డిగ్రీల వేడిమీద రాతిని తాకి ఉండాలి. 2017లో హైడ్రోజన్ కూడా దొరికింది. ఎగజిమ్మే ఆవిరిలో నూటికి 0.4 నుంచి 1.4 వంతులు. శుక్రతారగారూ, మీరడిగిన తిండి అదే. నౌక ఆ ఫౌంటెన్లోంచి దూసుకుపోతూ కొలిచింది.

లెక్కలమాస్టారు
చిన్న లెక్క ఒకటి జోడిస్తాను. ఎన్సెలడస్ అడ్డకొలత 500 కిలోమీటర్లు, గురుత్వం మనదానిలో నూటికి ఒక వంతు. అందుకని పాతిక కిలోమీటర్ల మంచు, దాని కింద ముప్ఫై కిలోమీటర్ల నీళ్ళు కలిపినా అడుగున ఒత్తిడి మన సముద్రంలో 600 మీటర్ల లోతున ఉండేంతే. యూరోపా అడుగున మాత్రం మరియానా అగాధాన్ని మించిపోతుంది. అయినా మరియానాలోనే జీవం ఉంది కాబట్టి ఒత్తిడి అడ్డంకి అనుకోను.

నిదానం
> మీరడిగిన తిండి అదే

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్పాలి. కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ హైడ్రోజన్ వార్త వచ్చినప్పుడు అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం అది ప్రతికూల సాక్ష్యంలా కనిపించింది. పెళ్ళివారింట్లో విస్తళ్ళు వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయంటే, భోజనానికి ఎవరూ రాలేదనే కదా అర్థం? సీసాలో సూక్ష్మజీవులుంటే హైడ్రోజన్ అయిపోతుందని మీథేన్_సీసాగారే రాశారు. మరి అక్కడ అయిపోలేదు. కోట్ల ఏళ్ళుగా ఆకలితో ఉన్న సూక్ష్మజీవులు ఉంటే అంత హైడ్రోజన్‌ని వదిలిపెడతాయా?

మీథేన్_సీసా
నిదానంగారూ, ఈ విషయంలో ఇంతకన్నా బలమైన అభ్యంతరం నేను వినలేదు. నా జవాబు ఇది.

మూత పెట్టిన సీసా వేరు, పారే బుగ్గ వేరు. లాస్ట్ సిటీలో సూక్ష్మజీవులు గుంపులు గుంపులుగా ఉన్నా, అక్కణ్ణుంచి బయటికొచ్చే నీళ్ళలో హైడ్రోజన్ బోలెడు మిగిలే ఉంటుంది. వేడి మరీ ఎక్కువున్న చోట అవి బతకలేవు, బతికే చోటికి వచ్చేసరికి నీళ్ళు వేగంగా దాటిపోతాయి. తిండి ఉన్నా, ఒంటిని కట్టుకోవడానికి ఇంకేదో కరువైతే కూడా హైడ్రోజన్ మిగిలిపోతుంది. ఒకప్పుడు ఆ కరువు ఫాస్ఫరస్‌దని అనుకునేవాళ్ళు. 2023లో ఆ అనుమానం తీరింది. కసీని పట్టిన ఇ-వలయపు రేణువుల్లో ఫాస్ఫేట్ దొరికింది, అదీ మన సముద్రాల్లో ఉండేదానికి కనీసం వంద రెట్లు గాఢతతో.

మీథేన్ సంగతి కూడా చూడండి. ఆ ఆవిరిలో మీథేన్ ఉంది. తెలిసిన రాతి రసాయనంతో మాత్రమే అంత మీథేన్ రాదని 2021లో ఒక బృందం లెక్క కట్టింది. సూక్ష్మజీవులు ఉన్నాయనుకుంటే లెక్క సరిపోతుంది. అయితే ఎన్సెలడస్ పుట్టినప్పుడే లోపల చిక్కుకుపోయిన పాత మీథేన్ మెల్లగా వస్తోందనుకున్నా సరిపోతుంది. వాళ్ళు ఆ రెండు దారులూ తెరిచే ఉంచారు, నేనూ అంతే.

శుక్రతార
ఇలాంటి వాదనే నాకు కావలసింది. మరి యూరోపాని ఎవరూ పట్టించుకోరేం?

డాలస్_తెలుగు
యూరోపా తరఫున నేను. యూరోపాని చూడటానికి నాసా పంపిన క్లిప్పర్ నౌక 2024 అక్టోబరు 14న ఫ్లోరిడా నుంచి ఎగిరినప్పటి నుంచీ దాన్ని వెంబడిస్తున్నాను.

తిండికి రెండు చేతులు కావాలి. ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఒకటి, పుచ్చుకునేది ఒకటి. ఎన్సెలడస్‌లో ఇచ్చేది, అంటే హైడ్రోజన్, బాగా ఉంది. యూరోపా గొప్పతనం పుచ్చుకునేదాంట్లో ఉంది. గురుగ్రహపు రేడియేషన్ యూరోపా మంచుని రాత్రీ పగలూ బాదుతుంది. పైన నిలబడిన మనిషికి రోజుకి 5.4 సీవర్టులు తగులుతాయి, ఒక్క రోజు చాలు ప్రాణం మీదికి రావడానికి. కానీ అదే రేడియేషన్ మంచుని విడగొట్టి ఆక్సిజన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ చేస్తోంది. ఆ పైపొర మంచు ఎప్పుడో ఒకప్పుడు కిందికి దిగి సముద్రంలో కలిస్తే, ఎండ లేకుండానే ఆక్సిజన్ అందినట్టు. మీథేన్_సీసాగారు పక్కన పెట్టిన గొట్టపు పురుగుల బతుకు అక్కడ కుదరొచ్చు!

కార్బన్ కూడా ఉంది. తారా రెజియో అనే ఉప్పు మరకల ప్రాంతంలో కార్బన్ డయాక్సైడ్ ఉందని, అది లోపలి సముద్రం నుంచే వచ్చి ఉండాలని 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరిశీలనలతో తేల్చారు.

నిదానం
ఆక్సిజన్ ఎంత పుడుతోందో కూడా చెప్పాలి. జూనో నౌక 2022 సెప్టెంబరులో యూరోపా పక్కనుంచి పోతూ తెచ్చిన కొలతల ప్రకారం సెకనుకి సుమారు 12 కిలోలు. పాత అంచనాల్లో కొన్ని దీనికి ఎన్నో రెట్లు ఉండేవి. ఇందులో ఎంత కిందికి దిగుతుందో, ఇరవై కిలోమీటర్ల మంచు దాటడానికి ఎన్ని లక్షల ఏళ్ళు పడుతుందో వేరే విషయం. ఇక అడుగున రాయి ఇంకా వేడిగా, పగుళ్ళతో ఉందా, లేక చల్లబడి గట్టిపడిపోయిందా? రాయి చల్లారి ఉంటే ఇచ్చే చెయ్యి ఖాళీ.

ఇంటర్_బైపీసీ
గనిమీడ్‌లో కూడా సముద్రం ఉందంటారు కదా? అది ఇంకా పెద్దది.

తూర్పుతీరం
ఉంది బాబూ, ధ్రువకాంతులు ఊగే తీరు చూసి హబుల్ టెలిస్కోపు 2015లో ఆ సంగతి బలపరిచింది. కానీ గనిమీడ్ ఎంత పెద్దదంటే అడుగున ఒత్తిడికి నీళ్ళు మళ్ళీ వేరే రకం మంచుగా గడ్డకడతాయి. పైన మంచు, కింద మంచు, మధ్యలో నీళ్ళు. నీటికీ రాతికీ మధ్య గోడ కట్టినట్టయింది. రాయి తగలకపోతే ఇందాక చెప్పిన వంట మొదలుకాదు. అందుకే ఈ చర్చలో దాన్ని వెనక ఉంచుతాను. 2023 ఏప్రిల్‌లో బయల్దేరిన యూరప్ వాళ్ళ జ్యూస్ నౌక 2031లో గురుగ్రహం చేరి, 2034 చివర్లో గనిమీడ్ కక్ష్యలోకే వెళ్తుంది, అప్పుడు మరింత తెలుస్తుంది.

లెక్కలమాస్టారు
ఒక్క ముఖ్యమైన విషయం ఎవరూ ఎత్తలేదు. వయసు. తిండి ఉన్నా, జీవం మొదలవడానికి సమయం చాలాలి. శనిగ్రహపు చంద్రుల్లో మిమాస్ అని 400 కిలోమీటర్ల చిన్నది ఉంది. ఒళ్ళంతా గుంటలే, చూస్తే గడ్డకట్టిన బండలా ఉంటుంది. అలాంటిదాని లోపల కూడా సముద్రం ఉందని 2024లో లెక్క తేలింది, పైగా ఆ సముద్రం వయసు రెండున్నర కోట్ల ఏళ్ళ లోపేనట. ఎన్సెలడస్ సముద్రం ఎంత పాతదన్నది ఇంకా వాదనలో ఉంది. యూరోపా సముద్రం వందల కోట్ల ఏళ్ళనాటిదై ఉండొచ్చని చాలామంది అభిప్రాయం. నాకైతే ఆ ఒక్క కారణం చేత యూరోపా వైపే మొగ్గు.

మీథేన్_సీసా
మాస్టారూ, మీ మొగ్గుని గౌరవిస్తాను. నా మొగ్గు ఎన్సెలడస్ వైపే, ఎందుకంటే అది తన సముద్రాన్ని మన చేతికి అందిస్తోంది. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పడానికి ఒక్క ప్రయోగం చాలు.

2008లో కసీని సెకనుకి 18 కిలోమీటర్ల వేగంతో ఆ ఫౌంటెన్లోంచి పోయింది. మంచు రేణువులు పరికరపు లోహపు పలకకి గుద్దుకుని పేలిపోయాయి. మామూలుగా, నెమ్మదిగా గుద్దుకుంటే నీటి అణువులు గుంపులు కట్టి మిగతా వాటి జాడలను కప్పేస్తాయి. ఆ వేగానికి గుంపులు కట్టే అవకాశం లేదు. వాటి వెనక దాక్కున్న జాడలు బయటపడ్డాయి. ఆ లెక్కలు విప్పి చూసేసరికి 2025 వచ్చింది. ఎస్టర్లు, ఈథర్ల వంటి సేంద్రియ అణువులు కనిపించాయి. ఇ-వలయంలో ఏళ్ళ తరబడి రేడియేషన్‌లో నానిన రేణువులు కావవి, పగుళ్ళలోంచి వచ్చి నిమిషాలే అయిన తాజా రేణువులు. కాబట్టి ఆ అణువులు పైన అంతరిక్షంలో తయారయ్యాయనడం కష్టం. నౌక 2017 సెప్టెంబరు 15న శనిగ్రహంలో పడి కాలిపోయింది. అది పంపిన కొలతలు మాత్రం ఎనిమిదేళ్ళ తర్వాత కూడా కొత్త సంగతి చెప్పాయి.

శుక్రతార
కాలిపోయింది అంటే కావాలనే పడేశారు కదా? ఎన్సెలడస్‌కి మన సూక్ష్మజీవులు అంటకూడదని.

మీథేన్_సీసా
అవునండీ. గెలీలియోని కూడా అందుకే 2003లో గురుగ్రహంలో పడేశారు. మన ల్యాబుల్లో మాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇదే, దొరికింది మనం తీసుకెళ్ళిందేనేమో అని. హైదరాబాదు నుంచి 2005లో బెలూను పంపి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టుకొచ్చారు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోను, పుణెలోని ల్యాబులోను విడివిడిగా పరీక్షించారు. మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ప్రకటించినప్పుడు, అవి భూమికి బయటివని దీంతో రుజువు కాలేదని ఇస్రో ప్రకటనలోనే స్పష్టంగా రాశారు. అంత జాగ్రత్తగా చేసిన పనికే అంత సంయమనం కావాలి. వందకోట్ల కిలోమీటర్ల అవతల దొరికేదానికి ఇంకెంత కావాలి!

డాలస్_తెలుగు
అందుకే ఒక మాట అందరూ గుర్తుంచుకోవాలి. క్లిప్పర్ జీవాన్ని వెతకడానికి వెళ్ళడం లేదు. అక్కడ జీవం బతకగలదా అని చూడటానికి వెళ్తోంది. గురుగ్రహం చుట్టూ తిరుగుతూ 49 సార్లు యూరోపా పక్కనుంచి పోతుంది, దగ్గరగా అంటే 25 కిలోమీటర్ల ఎత్తులో. రాడార్ మంచు మందం చూస్తుంది, ఇంకో పరికరం ఉల్కల తాకిడికి ఎగిరిన దుమ్ముని రుచి చూస్తుంది. ఎన్సెలడస్‌కి యూరప్ అంతరిక్ష సంస్థ అనుకుంటున్న నౌక 2040ల తొలినాళ్ళలో బయల్దేరి 2050ల్లో చేరుతుంది.

ఇంటర్_బైపీసీ
2050ల్లోనా! అప్పటికి నేను నలభైలు దాటేస్తాను. ఆ పరికరాల దగ్గర నేనే పనిచేయాలని ఉంది. ఏం చదవాలి అక్కా? మీరు అక్కేనా?

మీథేన్_సీసా
అక్కనే. కెమిస్ట్రీని వదలకు, ముఖ్యంగా మాస్ స్పెక్ట్రోమెట్రీ, అంటే బరువుని బట్టి అణువులను గుర్తుపట్టే పద్ధతి. 2024లో ఒక బృందం అలాస్కా తీరపు చల్లని నీళ్ళలో దొరికే చిన్న బ్యాక్టీరియాని నీటి బిందువుల్లో పెట్టి, కసీని, క్లిప్పర్ పరికరాల తీరులోనే పరీక్షించింది. ఒక్క కణంలోని చిన్న భాగం ఉన్నా జాడ పట్టొచ్చని తేలింది. వచ్చే ముప్ఫై ఏళ్ళ పని అంతా అలాంటి చోటే ఉంది.

నిదానం
నా అభిప్రాయం మారాలంటే ఏం చూపించాలో చెప్పి ఆగుతాను. అమైనో ఆమ్లాలు దొరికాయంటే సరిపోదు, 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలోనూ అవి ఉన్నాయి. రాతి రసాయనం తేలిగ్గా చేసే గ్లైసీన్ ఎక్కువగా, చెయ్యడానికి కష్టమైనవి తక్కువగా ఉంటే అది రాయి పనే. కష్టమైనవి కూడా దండిగా ఉండి, ఎడమ చేతివాటం అణువులు (ఈ ఆమ్లాలకి అద్దంలో బొమ్మల్లా కుడి, ఎడమ రూపాలుంటాయి, భూమ్మీది జీవం వాడేది ఎడమది) కుడివాటికన్నా బాగా ఎక్కువగా ఉండి, కొవ్వు ఆమ్లాల గొలుసుల్లో కార్బన్లు రెండేసి చొప్పున పెరుగుతూ కనిపిస్తే, ఈ మూడూ ఒకే ఫౌంటెన్లో, రెండు వేర్వేరు పరికరాల్లో తేలితే, అప్పుడు నేనూ జీవమే అంటాను.

మీథేన్_సీసా
ఎడమచేతి షరతుని కాస్త మార్చండి నిదానంగారూ. అక్కడి జీవం మనతో చుట్టరికం లేకుండా విడిగా పుట్టి ఉంటే అది కుడిచేతిది కావచ్చు. ఏదో ఒకటి బాగా ఎక్కువుంటే చాలు. కుడిదే ఎక్కువుంటే ఇంకా మంచిది, అది భూమి నుంచి మనం తీసుకెళ్ళింది కాదని అక్కడికక్కడే తేలిపోతుంది.

నిదానం
ఒప్పుకున్నాను. ఆ మాట చేర్చండి.